సూర్యుడి అనుమతి

మా రంగుల మాస్టారు టీ కొట్టు బల్ల మీద కూర్చుని గొంతు సవరించుకున్నారంటే, ఇక ఆ గంట మనది కాదు. ఆయన వీధి చివర మేడ మీద బొమ్మల బడిలో పిల్లలకి డ్రాయింగ్ నేర్పుతారు. కొత్తగా చేరిన టీచర్లకి, పిల్లల బొమ్మలూ వీడియోలూ ఆన్‌లైన్‌లో పెట్టేటప్పుడు ఎలా మసులుకోవాలో సోమవారం నాలుగు ముక్కలు చెప్పమన్నారట. ఆ నాలుగు ముక్కలూ ముందుగా మా మీద ప్రయోగించారు.

"మాస్టారూ, మా అమ్మాయి పది రోజుల్నించీ పెన్సిల్ ముట్టడం లేదు. మీ క్లాసుకి రానంటోంది. ఆ సంగతే అడుగుదామని..." అంటూ మెళ్ళో టేపుతోనే వచ్చాడు టైలరు.

"ఆగన్నా, దానికీ ఇందులోనే మందుంది, విను" అని చెయ్యి అడ్డం పెట్టి మొదలెట్టారు మాస్టారు.

"అడక్కుండా నేను చిన్న గీత కూడా పోస్టు చెయ్యనయ్యా. మొన్నామధ్య ఒక కుర్రాడు కిటికీలో కూర్చున్న పిల్లి బొమ్మ వేశాడు. ఇంకొకరైతే టక్కున ఫొటో తీసి పెట్టేసేవాళ్ళు. నేను వాణ్ణి కూర్చోబెట్టి, నాన్నా, ఇది పెట్టనా, నీ పేరు రాయనా వద్దా, అనడిగాను. సరేనన్నాడు. వాళ్ళమ్మ సంతకం తీసుకున్నా, నాన్న సంతకం తీసుకున్నా. అక్కడితో ఆగానా? వాళ్ళ నాయనమ్మనీ అడిగాను. మనవడి బొమ్మ మీద ఆవిడకి మాత్రం హక్కు లేదూ?"

"బాగానే ఉంది" అన్నాడు బస్సు డ్రైవరు. నిజంగానే బాగుంది. అక్కడితో ఆపేసి ఉంటే మేమూ నమ్మేవాళ్ళం.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? మరి పిల్లి మాటేమిటి? మొహం దానిదే కదా! వెళ్ళాను. గోడ మీద కూర్చునుంది. సంగతంతా చెప్పాను. మొహం తిప్పేసుకుంది. రెండో రోజు తోక ఊపింది, కానీ అది అవుననా, కాదనా? అనుమానం ఉంటే పోస్టు చెయ్యకూడదు, అదీ రూలు. మూడో రోజు సిరా పట్టుకెళ్ళాను. అదే దిగొచ్చి, కాలు ముంచి, కాగితం మీద ముద్ర వేసిందయ్యా!"

"చదివే వేసిందా?" అంది టీ కొట్టు అక్క, గిన్నె దించుతూ.

"నేనే చదివి వినిపించానక్కా. రెండుసార్లు. ఇంకా విను. పిల్లి వెనక కిటికీ, కిటికీలోంచి ఎదుటి మేడ, ఆ మేడ మీద ఆరేసిన బట్టలు. పదిహేడు చొక్కాలు! ఎవరి చొక్కా వాళ్ళది కదా. పదహారు మందిని ఇళ్ళకి వెళ్ళి పట్టుకున్నాను. పదిహేడో అతను ఓడలో పనికి పోయాడన్నారు. ఊరుకుంటానా? సముద్రంలో దూకాను. ఒక చేత్తో ఈదుతూ, రెండో చేత్తో కాగితం తడవకుండా ఎత్తి పట్టుకుని..."

"మాస్టారూ, మా అమ్మాయి సంగతి..." అన్నాడు టైలరు.

"వస్తున్నానన్నా, ఇక ఒక్క సూర్యుడే మిగిలాడు!"

మేం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"బొమ్మలో ఓ మూల సూర్యుడున్నాడయ్యా. మేడెక్కి, అయ్యా, తమరికేమైనా అభ్యంతరమా, అనడిగాను. మాట్లాడకుండా మబ్బు చాటుకి పోయాడు. ఇష్టం లేదనే కదా! బొమ్మలో ఆయన మొహం మసక చేసేశాను. ఆ వేళ మిట్టమధ్యాహ్నం ఊరంతా దీపాలు వేసుకున్నారు, ఎందుకనుకున్నారు మరి! ఇక పోస్టు చేశానో లేదో, లైకుల వేడికి ఫోను ఎర్రగా కాలిపోయింది. ఆ యాప్ కంపెనీ పెద్దాయనే ఫోన్ చేసి, మాస్టారూ, మీలాంటి వారు ఒక్కరున్నారు, చాలు, అని బావురుమన్నాడు!"

"కాలిపోతున్న ఫోను ఎలా ఎత్తారు?" అన్నాడు డ్రైవరు.

"పట్టకారుతో!"

అందరం పగలబడి నవ్వాం, టైలరు తప్ప. అతను తన ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. అందులో మాస్టారు పెట్టిన వీడియోనే ఉంది. 'ముందు' అని ఒక గుర్రం బొమ్మ. నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకి పోయాయి. కింద 'ఇది గుర్రమా, స్టూలా?' అని రాసి, పక్కన నవ్వే మొహాలు. 'తర్వాత' అని ఇంకో గుర్రం, చక్కగా పరుగెడుతోంది. కింద 'నా దగ్గర మూడు నెలలు నేర్చుకున్నాక' అని ఉంది. ఆ బొమ్మ పట్టుకుని నిలబడ్డది టైలరు కూతురే.

"స్కూల్లో దాన్ని స్టూలూ, స్టూలూ అని పిలుస్తున్నారట" అన్నాడు టైలరు. గొంతు కూడా పెంచలేదు. "ఆ రెండో గుర్రం కాళ్ళు మీరే దిద్దారని కూడా చెప్పింది. సరే, అది పోనివ్వండి. పిల్లిని అడిగారు. సూర్యుణ్ణి అడిగారు. మా అమ్మాయిని ఎప్పుడడిగారు మాస్టారూ?"

"అది... ఎంత బాగా నేర్చుకుందో చూపిద్దామని..." అన్నారు మాస్టారు. మాకు జాలేసింది, ఆయన మీద కాదు, ఆ పిల్ల మీద. ఆ వీడియో కింద నవ్వే మొహాలు పెట్టినవాళ్ళలో మేమూ ఉన్నాం మరి. ఆయన తన ఫోను అందుకుని ఆ వీడియో తీసేశారు.

"అమ్మాయి ఇంట్లో ఉందా?"

"ఉంది."

"వచ్చి, తప్పయిపోయిందని దానికి చెప్పనా?"

టైలరు బల్ల మీది తన ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు. "రండి. ఫోను మాత్రం ఇక్కడ పెట్టి రండి."