పసుపు మట్టి

నోరు తెరవండి బారెంట్ గారూ. అలా తల పక్కకి తిప్పుకుంటే నేనేం చెయ్యను? ఈ సత్రంలో లేవలేని ముసలాళ్ళకి జావ తాగించే పని నాది. మీ మంచం కూడా నా వంతుకే వచ్చింది, నా ఖర్మ. నేనేమన్నా అడిగి తెచ్చుకున్నానా?

గుర్తుపట్టారుగా? మాట పడిపోయింది గానీ చూపు బానే ఉంది. మాక్టెల్ట్‌ని. మీ బట్టీలో పన్నెండేళ్ళు పళ్ళేల మీద నీలం బొమ్మలు గీసిన లీవెన్ పెళ్ళాన్ని.

ఆయన చెయ్యి ఎలాంటిదో మీకు తెలీదా? పచ్చి తెల్లపూత మీద గీత పడిందంటే ఇక చెరపడానికుండదు. మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టి గీసేవాళ్ళు. ఆయన ఈల వేసుకుంటూ ఒక్క ఊపులో కొంగ మెడ దింపేవాడు.

కాలవ గట్టు మీది క్లారా అమ్మగారింట్లో చీనా పళ్ళేల జతలో ఒకటి పగిలింది. దానికి జోడీ చీనా నుంచి తెప్పించమని మిమ్మల్ని అడిగింది ఆవిడ. మీరేం చేశారు? లీవెన్ చేత గీయించి, ఓడలో దిగిన అసలు సరుకేనని అమ్మేశారు. బయట పొక్కిందో పనిలోంచి పీకేస్తానని ఆయన్ని బెదిరించారు కూడా.

నేనేమో ఆ ఇంట్లోనే గిన్నెలు తోమేదాన్ని. వచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడ ఆ పళ్ళెం చూపించి, ఇలా గీయడం మన డెల్ఫ్ట్ ఊరి వాళ్ళకి చచ్చి పుట్టినా రాదని అంటుంటే, నేను తడి చేతులతో వింటూ నిలబడేదాన్ని. ఎలా ఉంటుందో చెప్పండి!

ఒకరోజు దాని అంచు విరిగింది. చీనా పింగాణీ అయితే లోపల కూడా తెలుపే. ఇందులో మన బట్టీల పసుపు మట్టి బయటపడింది. ఆవిడ మిమ్మల్ని పిలిపించింది. మీరు టోపీ తీసి చేత్తో పట్టుకుని, నన్ను చూపిస్తూ ఎంత నెమ్మదిగా అన్నారు!

"అమ్మగారూ, నేనిచ్చింది అసలుదే. ఈవిడ మొగుడు నకలు గీసి మార్చేసుంటాడు. పెళ్ళాం మీ ఇంట్లోనే ఉందిగా."

అంతే. ఇద్దరి పనులూ ఒక్కపూటలోనే పోయాయి. ఏ బట్టీకి వెళ్ళినా దొంగ వచ్చాడన్నారు. కుంచె తప్ప ఏదీ పట్టడం రాని మనిషి చివరికి తాళ్ళు లాగడానికి ఓడెక్కాడు. సగం దారిలోనే జ్వరమొచ్చి పోయాడట. సముద్రంలో వదిలేశారట.

కన్నీళ్ళెందుకిప్పుడు? ఆగండి, ఇంకా ఉంది.

రేవులో ఆయన నన్నొకటే అడిగాడు. "అంత భద్రంగా దాచుకున్న పళ్ళెం ఎలా విరిగింది మాక్టెల్ట్?" అని. నాకేం తెలుసన్నాను.

నేనే విరగ్గొట్టాను బారెంట్ గారూ. కిటికీ రాయికేసి కొట్టాను. ఆ మట్టి చూస్తే అది మా ఆయన చేతి పనేనని ఊరంతా ఒప్పుకుంటుందనుకున్నాను. మీరలా అంటారని కల్లో కూడా అనుకోలేదు. మీరు అన్నాకైనా నేను నిజం చెప్పొచ్చుగా? చీపురు పట్టుకుని గోడకి ఆనుకుని నిలబడిపోయాను. భయం.

పద్దెనిమిదేళ్ళుగా ఇది ఎవరికీ చెప్పలేదు, చర్చి గురువుగారికి కూడా. మీకు చెబుతున్నానంటే మీ మీద జాలి పుట్టి కాదు.

మీరు ఇంకొకళ్ళకి చెప్పలేరు, అందుకని.