పెంకు

ప్రసూతి వార్డులో బాలింత మంచమ్మీద చేతులు ముడుచుకుని కూర్చుంది. పొద్దున పుట్టిన పాప ఆడపడుచు ఒళ్లో ఉంది. ఆడపడుచు వైరస్‌ల మీద పనిచేసే ల్యాబ్ నుంచి నేరుగా వచ్చింది.

"వదినా, నా రక్తంలో హెపటైటిస్-బి వైరస్ పెంకు కనపడిందనే కదా జబ్బన్నారు?"

"అవును. దాని పైనుండే ప్రోటీన్ పెంకు."

"మరి పాపకి వేసే సూదిలో ఏముంది?"

"ఆ పెంకే."

"అయ్యో! నాకు జబ్బైనది పాపకి మందెలా అవుతుంది?"

"నీ ఒంట్లో పెంకూ ఉంది, లోపల పప్పూ ఉంది. సూదిలో ఉత్త పెంకే. పప్పు లేని వేరుశనగ కాయ పాతితే మొలుస్తుందా?"

"మొలవనిదాన్ని పాతడమెందుకు?"

"పాప ఒళ్లు దాని ఆనవాలు పట్టడానికి. రేపు అసలుది వస్తే గుమ్మంలోనే తరిమేస్తుంది."

"అంటే దొంగ చొక్కా చూపించి దొంగని పట్టుకోమంటారా? నాకు తల తిరుగుతోంది."

"ఏళ్ల తరబడి చూస్తున్నా, నాకూ అప్పుడప్పుడూ తిరుగుతుందమ్మాయ్."

"ఇదంతా అర్థమయ్యేదాకా పాపని ఎత్తుకోకూడదా?"

"ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. నాకే భయమేసింది."

"పిచ్చిదానా! ఎత్తుకుంటే అంటదు. సూది మాత్రం ఆలస్యం చేయకూడదు. నర్సు నీ మాట కోసమే చూస్తోంది."

"నాకింకా అర్థం కాలేదు వదినా. అయినా పిలవండి."

"పిలుస్తా."

"ఆగండి. ముందు పాపని ఇటివ్వండి. సూది గుచ్చేటప్పుడు నా ఒళ్లోనే ఏడవాలి."