ఒక పేరుకి ఇద్దరు పలికితే

అదా, ఆ మేకు మీంచి తీసింది? పడెయ్యకు వివేక్, చెత్త కాదది. మా చిన్న వాసు చేసిన కంప్యూటర్ బోర్డు. వాడూ వాసుదేవరావే, నేనూ వాసుదేవరావునే, ఇద్దరం ముక్కామలవాళ్ళమే. మా నాన్నా వాళ్ళ నాన్నా అన్నదమ్ములు కదా, ఎవరికి వాళ్ళు కొడుక్కి తాతగారి పేరే పెట్టుకున్నారు. మన వైపు మామూలేగా! నాయనమ్మ “ఒరే వాసూ” అంటే ఇద్దరం పరిగెత్తేవాళ్ళం. “ఇద్దరూ తగలడ్డారూ!” అని తిట్టి, సున్నుండ చెరిసగం చేసేది. ఆ సున్నుండ రుచే వేరు... సర్లే, ఎక్కడున్నాను?

ఆఁ, బోర్డు. ఎనభై తొమ్మిదో, తొంభయ్యో. ఈ దేశమొచ్చాక, ఇక్కడే పారమట్టాలో, వాడి గరాజులో. శనివారం ఆర్వో, అదే మధ్యాహ్నం, అంతా సోల్డరింగ్ కంపే. మామూలు మెమరీనైతే ‘ఫలానా నంబరు గదిలో ఏముంది?’ అని అడగాలట. దీన్ని ‘ఫలానాది ఎక్కడుంది?’ అంటే చాలు, గదులన్నీ ఒక్కసారే చూసుకుని, ఉన్న గది పలుకుతుంది. మీ యూనిలో చెప్పే ఉంటారులే. అప్పట్లో అలాంటివి మనబోటివాళ్ళు కొనలేరు. వీడేమో మామూలు చిప్పులతో, చిన్న షాపువాడు కూడా కొనుక్కునేలా చేస్తానని, ఉన్న ఉద్యోగం మానేశాడు. వాళ్ళావిడ ఉదయలక్ష్మి వద్దనలేదు, పాపం. “రెండు గదులు ఒకేసారి పలికితేనో?” అని మాత్రం అడిగింది. “వాటిని వరసలో పెట్టే సర్క్యూట్ వేరే ఉందిలే. అది పెడితే ధర పెరుగుద్ది. ఇంటిపేరుతో సహా అడిగితే ఇద్దరెందుకుంటారే?” అన్నాడు. వాసుదేవరావై పుట్టి ఆ మాటెలా అన్నాడో!

ఒక కంపెనీవాళ్ళు కొందామని చూడ్డానికొచ్చారు. మన తెలుగువాళ్ళ పేర్లూ ఫోన్ నంబర్లూ అందులో ఎక్కించి పెట్టాడు. ఏ పేరు కొట్టినా టక్కున నంబరొచ్చేది. వాళ్ళకి ముచ్చటేసి, “వెరీ గుడ్ వాసూ, నౌ ట్రై యువర్ ఓన్ నేమ్” అన్నారు. కొట్టాడు. అందులో నేనూ ఉన్నానుగా! రెండు గదులూ ఒక్కసారే పలికి, రెండు నంబర్లూ కలగలిసి, ఎవరిదీ కాని నంబరొకటి వచ్చింది. వాళ్ళు దానికి ఫోన్ కూడా చేశారు, అసలు లేని నంబరట. “ఆ సర్క్యూట్ పెట్టేస్తాను, ఒక్క వారం ఆగండి” అన్నాడు. “నో వర్రీస్, మేట్” అని భుజం తట్టి పోయారు. మళ్ళీ వస్తే ఒట్టు.

ఆ సర్క్యూట్‌కి కావలసింది నాలుగు చిప్పులురా నాయనా, అంతే! వాడు మళ్ళీ సోల్డరింగ్ ముట్టలేదు. ఆ దిగులుతోనే గుండె ఆగిందంటుంది ఉదయలక్ష్మి. నాకూ అంతే అనిపిస్తుంది.

ఇదివరకు నేను ఫోనెత్తి “వాసుని” అంటే, “ఏ వాసు, పెద్దా చిన్నా?” అనేవాళ్ళు. వినీ వినీ విసుగొచ్చేది. ఇప్పుడెవరూ అడగరు.

...ఆ మేకుకే తగిలించెయ్ నాయనా.