జంగప్ప కలిపిన రాబురాయి

ఆ మధ్యాహ్నం వికారాబాదు స్టేషను బయట, శాంతవ్వ చాయ్ హోటల్లో, జంగప్ప ఒట్టు పెట్టుకునే కూర్చున్నాడు. ఇవాళ నోరు అదుపులో పెట్టుకోవాలి. ఉన్నది ఉన్నట్టు రెండు ముక్కలు చెప్పి ఊరుకోవాలి. పొద్దున తలకు రుమాలు అందిస్తూ భార్య హన్మమ్మ కూడా ఆ మాటే అన్నది: "ఆడ కోతలు కోస్తివా, ఇగ ఇంటికి రాకు."

సంగతేమంటే, అనంతగిరి మీద సర్కారు ముసాఫిర్ బంగళాకు వంటమనిషి కావాలి. మనిషిని చూసి తీసుకునే పని ఓవర్సీర్ భీమప్పది. ఆ భీమప్ప ఎదురు బల్లమీదే ఉన్నాడు. గొడుగు ఒళ్లో పెట్టుకుని, చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్నాడు. జంగప్ప పన్నెండేళ్లు తాండూరులో, బండల గనులున్న చంద్రశేఖర్ పటేలు ఇంట్లో వంట చేశాడు. పటేలు కాపురం హైదరాబాదుకు మార్చి ఏడాదిన్నర అయింది. అప్పటినుంచీ పెళ్లిళ్లకు పిలిస్తే పోతాడు, పిలవకపోతే ఇక్కడ కూర్చుంటాడు.

"బంగళాకు పెద్ద పెద్దోళ్లు వస్తరు. దొరల తిండి, దొరల తాగుడు ఏమన్న ఎరికేనా?" అన్నాడు భీమప్ప.

"ఎరికనే సారూ. పోలీస్ యాక్షన్ అయిన మల్లేడు, పటేలింటికి మిషన్లు బిగించెతందుకు మెక్రే దొర అని స్కాట్లండు దొర ఒకాయన వచ్చిండు. వాళ్ల దేశంల తాగే రాబురాయి, ఇంట్లనే నేను కలిపి ఇచ్చిన."

అక్కడితో ఆపుదామనే అనుకున్నాడు. ఆపేవాడే. కానీ స్టేషన్లో మూటలు మోసే బీరప్ప పక్క బల్లమీంచి మెడ సాచాడు.

"రాయా? తాండూరు బండనా ఏంది? రాయిని ఎట్ల కలుపుతరే జంగన్నా?"

"రాయి గాదురా, తాగేది. దొర నోట్ల 'రాబ్ రాయ్', మన నోట్ల రాబురాయి." జంగప్ప భీమప్ప వైపు తిరిగాడు. "స్కాచి విస్కీ రెండు పాళ్లు సారూ. మూలికలు నానవెట్టిన తియ్యటి ఎర్ర ద్రాక్షసారా ఒక పాలు. చేదు అర్కు రెండే రెండు చుక్కలు. గాజు జగ్గుల మంచుగడ్డ ఏసి పొడుగు చెంచతోని కలపాలె. కలపాలె గని కుదపొద్దు. కుదిపితె నురగొచ్చి మసకవడ్తది. గిలాస ముట్టుకుంటె ఏలు జిల్లుమనాలె. పైన ఒక ఎర్రపండు ఎయ్యాలె. వాళ్ల పండు మన దిక్కు దొరకదు, నేను అనంతగిరి రేగుపండు ఏసిన."

భీమప్ప మెచ్చుకోలుగా తలూపాడు. ఆ తలూపడమే జంగప్ప కొంప ముంచింది.

"గా దినాలల్ల మంచుగడ్డ యాడిది?" అన్నది శాంతవ్వ, పాలగిన్నె దించుతూ.

"మంచిగ అడిగినవ్ శాంతవ్వా! హైదరాబాదు నుంచి వడ్లపొట్టుల పెట్టి, గోనెసంచి చుట్టి రైల్ల ఏసిన్రు. రైలు గీ వికారాబాదు దాక వచ్చింది, ఇంజను ఖరాబైంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మణుగు గడ్డ నెత్తిన వెట్టుకోని పట్టాలెంబడి ఉరికిన. ఇరవై అయిదు మైళ్లు! ధారూరు దాటినంక ఎన్కకెల్లి కూత వినవడ్డది. ఇంజను బాగైంది, రైలొస్తున్నది. డ్రైవరు తల బయటవెట్టి, 'జంగన్నా, జర పక్కకు జరుగు, నాకు టైమైతున్నది' అన్నడు. 'నాకు గడ్డ కరుగుతున్నది, నువ్వే జర ఆగు' అన్న. నేను తాండూరుల కాళ్లు కడుక్కొని కూసున్నంక వచ్చింది రైలు."

"మరి గడ్డ కరగలేదా?" అన్నాడు బీరప్ప.

"ఎందుకు కరగదు? నా నెత్తిమీది నీళ్లు కారి, రెండు దిక్కుల జొన్నచేన్లు పారినయ్. ఆ యేడు ఆ చేన్ల జొన్న నమిలితె పండ్లు జివ్వుమన్నయంట."

శాంతవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. జంగప్పకు హన్మమ్మ మొహం కళ్లముందు మెదిలింది. కానీ ఎద్దులు వాలులో పడ్డాయి, బండి ఇక ఎవరు ఆపితే ఆగుతుంది?

"ఇగ కలుపుడు. కుడిదిక్కు నలభై సుట్లు. చెంచ గాజుకు తాకిన చప్పుడు లేదు. ఎంత నిమ్మళంగ అంటె, గోడమీది గడియారం సిగ్గువడి తన టిక్కుటిక్కు బంద్ చేసింది. వాసన తలుపు సందులకెల్లి బయటవడ్డది, గనుల దిక్కు పోయింది. సుత్తెలన్ని నిలవడ్డయ్. ఆ వాసనకు బండలే మెత్తవడ్డయ్ సారూ! ఆనాడు బండలను కొట్టలే. దుప్పట్ల లెక్క మడతవెట్టి ఎడ్లబండ్లకు ఎత్తిన్రు."

"అబ్బ!" అన్నాడు బీరప్ప.

"అబ్బ అంటె అయిపాయెనా? జగ్గు కడిగిన నీళ్లు కాగ్నా వాగుల వారవోసిన. కింది ఊర్లల్ల ఆ నీళ్లు తాగిన మన తెలుగు బర్రెలు మూడు దినాలు కన్నడంల పాటలు పాడినయ్."

తాండూరు ప్యాసింజరు దిగిన ఒక పెద్దమనిషి చేతిసంచితో ఎప్పుడొచ్చాడో, గడప దగ్గర నిలబడి అంతా వింటున్నాడు. జంగప్ప వీపు అటువైపు ఉంది.

"దొర విలాయత్ పోయిండు, వాళ్లోళ్లకు చెప్పిండు. ఇగ ఆడ ఎవరికి నిద్ర లేదు. మూడు నెలలకు నన్ను తీస్కపోతందుకు ఓడ పంపిన్రు, తాండూరుకు!"

"తాండూరుకు ఓడా? కాగ్నాల మోకాలి మట్టు నీళ్లు గూడ ఉండయ్ గదనే!" అన్నాడు బీరప్ప.

"అందుకే గద నేను పోలే! సముద్రం నుంచి కృష్ణలకు, కృష్ణల నుంచి భీమలకు మంచిగనే వచ్చింది. కాగ్నాలకు మలిగినంక ఇసుకల ఇరుక్కున్నది. ఊరంత తాళ్లు గట్టి గుంజినం. ఆఖరుకు ఓడ కప్తాను దిగి, నన్ను కావలిచ్చుకోని, 'నీ రాత బాగలేదు జంగప్పా' అని ఏడ్చుకుంట వాపసు పోయిండు."

బీరప్ప చప్పట్లు కొట్టాడు. భీమప్ప మాత్రం నవ్వలేదు. సాసరు బల్లమీద పెట్టి గొడుగు చేతిలోకి తీసుకున్నాడు.

"ఓడ సంగతి నాకు తెల్వదు గని, ఆ గిలాసను పళ్లెంల వెట్టుకొని దొర కాడికి పోయింది నేనే," అన్నాడు గడప దగ్గరి మనిషి.

జంగప్ప వెనక్కి తిరిగాడు. పటేలింట్లో వడ్డన పని చేసిన ఏసుదాసు! ఆయన నోట అబద్ధం ఎవరూ విని ఎరుగరు. జంగప్ప రుమాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఆయన ఏసుదాసు సారూ, జంగన్న, ఆయన పటేలింట్ల కలిసి పనిచేసిన్రు," అని శాంతవ్వ భీమప్పకు చెప్పింది.

"అయితె నువ్వు చెప్పు. ఏమైంది ఆనాడు?"

"కలిపింది నిజమే సాబ్. మంచుగడ్డ తెచ్చింది మాత్రం రైలే. దొర కాయితం మీద రాసిచ్చినట్టే కలిపిండు. గని ఎర్ర ద్రాక్షసారా దొరకలే, నన్నారి షర్బత్ పోసిండు. చేదు అర్కు దొరకలే, నేలవేము కషాయం పోసిండు."

"రెండు చుక్కలేనా?"

"రెండు గంటెలు."

బీరప్ప బల్లమీంచి కింద పడ్డంత పని చేశాడు. ఏసుదాసు నవ్వకుండానే చెప్పుకుపోయాడు.

"దొర ఒక్క గుక్క తాగిండు. కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. జర సేపు కిటికీ దిక్కు జూసిండు. మర్యాదస్తుడు, 'బాగున్నది' అన్నడు. మల్ల మెల్లగ నన్ను దగ్గరికి పిలిచి, 'ఇంట్ల మజ్జిగ ఉన్నదా' అని అడిగిండు."

జంగప్ప తల ఎత్తలేదు. నౌకరి పోయినట్టే. ఇంటికి పోయి ఏమని చెప్పాలి?

"మజ్జిగ ఎవరు చేసిన్రు?" అన్నాడు భీమప్ప.

"ఈయననే సాబ్. అల్లం, కరివేపాకు దంచి ఏసిండు. దొర మూడు గిలాసలు తాగిండు. దాని మీద జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టిండు జంగన్న. మిషన్లు బిగించుడు అయిపోయినంక గూడ దొర నాలుగు దినాలు ఊకెనే ఉన్నడు. పొద్దుమాపు గదే తిండి అడిగిండు."

"నిజమేనా?"

"ఏసుదాసన్న చెప్తున్నడు గద సారూ," అన్నాడు జంగప్ప గొణుగుతున్నట్టు.

"రొట్టె ఎంత పెద్దగ చేస్తవ్?"

జంగప్ప నోరు తెరిచాడు. ఇల్లు కప్పేంత రొట్టె ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని బలవంతాన మింగాడు.

"గీ పళ్లెమంత, సారూ."

భీమప్ప అప్పుడు నవ్వాడు. "సోమారం పొద్దుగాల బంగళాకు రా. రొట్టె, పప్పు, మజ్జిగ నీ పని. సీసాలు మాత్రం ముట్టకు, ముట్టినవంటె నేనే నిన్ను ఓడెక్కిస్త."

జంగప్ప ఇల్లు చేరేసరికి హన్మమ్మ గడపలో కూర్చుని జొన్నలు చెరుగుతున్నది.

"ఏమైంది?"

"నౌకరిచ్చిండు. సోమారం రమ్మన్నడు."

చాట ఆగింది. "కోతలు కోసినవా?"

"కోసిన."

"సారు ముంగటనా?"

"సారు ముంగటనే. మస్తు కోసిన. ఏసుదాసన్న వచ్చి నా ఇజ్జత్ తీసిండు. అయినా సారు నౌకరిచ్చిండు."

హన్మమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. తర్వాత చాట పక్కన పెట్టి లేచింది.

"ఇంత పెద్ద కోత ఇన్నేండ్లల్ల నువ్వు కొయ్యలే. పో, ఏసుదాసన్నను పిలుచుకరా. ఆయన చెప్తె నమ్ముత."

జంగప్పకు కోపం రాలేదు. ఒక్క గిలాసెడు నీళ్లు తాగి, రుమాలు మళ్లీ తలకు చుట్టుకుని, నవ్వుకుంటూ స్టేషను దారి పట్టాడు.