కొసరుకు దక్కని పట్టా

1992 నవంబరు పదహారో తేదీ సోమవారం ఉదయం, అనకాపల్లిలోని మన కళాశాలలో అర్థశాస్త్ర ఉపన్యాసకురాలిగా శ్రీమతి దుర్గాలక్ష్మి గారు విధుల్లో చేరారు. వారిని గురించి రాయగల అర్హత ఎవరికుందని సావనీరు కమిటీవారు వెతకగా, వారి సిద్ధాంత గ్రంథం నాలుగువందల పన్నెండు పుటలనూ రెండుసార్లు ఆమూలాగ్రం చదివినవాడు భూప్రపంచంలో ఒక్కడే తేలాడు. అతడు గ్రంథాలయ మాజీ అటెండరు సత్తియ్య, అనగా ఈ వ్యాసకర్త.

పాయకరావుపేట దాపున సముద్రపు ఒడ్డు పల్లెలో జన్మించి, దేవరాపల్లి సంతలో తల్లి కొర్లమ్మ గారి ఎండుచేపల తట్ట పక్కన కూర్చుని ఎక్కాలు వల్లెవేసిన దుర్గాలక్ష్మి గారు, ఇరవై ఏళ్లపాటు వేలాదిమంది విద్యార్థులకు గిరాకీ, సరఫరాల మర్మం బోధించారు. కాని తల్లి చేసే ఒక పని ఏ పాఠంలోనూ వారికి కనిపించలేదు. కొండమీంచి చోళ్లు (రాగులు) తెచ్చే సోమాలమ్మకు గుప్పెడు నెత్తళ్ల ఎండుచేపలు కొలిచాక, కొర్లమ్మ గారు మరో నాలుగు కొసరు వేసేవారు. అది ధరా, చుట్టరికమా? ఈ ప్రశ్నతోనే 2012లో, అర్థశాస్త్రాన్నీ సమాజశాస్త్రాన్నీ మేళవించిన డాక్టరేటుకు నమోదయ్యారు. విరమణలోగా ఆ పట్టా తల్లి చేతిలో పెట్టాలన్నది వారి సంకల్పం.

2016లో విశ్వవిద్యాలయ సదస్సుకు కొర్లమ్మ గారినే సాక్ష్యంగా, నెత్తళ్ల తట్టతో సహా తీసుకెళ్లారు. తట్ట మోసినవాడు ఈ వ్యాసకర్త. ఆవరణలోని పద్నాలుగు పిల్లులు వరుసగా వెంటబడి, రెండంతస్తుల మెట్లెక్కి, పండితులకన్నా ముందే సభలో ఆసీనమయ్యాయి.

"కొసరు వెయ్యకపోతే నష్టమేమిటమ్మా?" అని అర్థశాస్త్ర ఆచార్యులు అడిగారు.

"నట్టమేటి బాబూ, సేప అమ్ముడైపోద్ది. పై సంతకి సోమాలమ్మ నా మొకం సూడదు. మీ ఇంట్లో అన్నం కొలిసి ఎడతారేటి?" అన్నారు కొర్లమ్మ గారు.

అయితే ఇది సమాజశాస్త్రమని ఆయన తేల్చారు. కొలత ఉంది గనుక అర్థశాస్త్రమేనని సమాజశాస్త్ర ఆచార్యులు సెలవిచ్చారు. ఇరుశాఖలవారూ ఆ గ్రంథాన్ని ఎంతో మర్యాదగా ఒకరికొకరు సమర్పించుకున్నారు.

"సూసేవా సత్తియ్యా, నా బిడ్డ పుస్తకాన్ని ఎవలూ ఆల తట్టలో ఎయ్యనివ్వట్లేదు" అని తిరుగు బస్సులో కొర్లమ్మ గారు అన్నారు.

ఆపై తొమ్మిదేళ్లు అదే తంతు. ఒక శాఖ కోసం తీసేసిన అధ్యాయాన్ని మరో శాఖ కోసం మళ్లీ చేర్చారు. మార్గదర్శకులు ఇద్దరు మారారు. 2021లో, పట్టా అందుకోవలసిన ఆ తల్లి కన్నుమూశారు. అయినా మేడమ్ గారు రాయడం మానలేదు. మొన్న జూన్‌లో, గడువు మీరినందున నమోదు రద్దయిందని లేఖ వచ్చింది. గ్రంథాలయంలో నిలబడే చదివి, ఈ వ్యాసకర్తతో "బాబాయ్, ఆకరికి నేనే కొసరునైపోనాను. ఏ లెక్కలోకీ రాను" అని నవ్వారు.

ఇక్కడ ఈ వ్యాసకర్త తన గొప్పను కొంచెం తగ్గించుకోవాలి. ఆ గ్రంథం ఇంగ్లీషులో ఉంది. పల్లెటూరి బడిలో ఏడో తరగతితో ఆగినవాడు రెండుసార్లూ చదవగలిగింది, అందులో తెలుగు లిపిలో ఉన్న ఒకే ఒక్క మాట: కొసరు. అది మూడువందల ఆరు చోట్ల ఉంది. పండితులు ఆ మాత్రమైనా చదివారనేందుకు దాఖలా లేదు.

ఈ డిసెంబరు ముప్పై ఒకటిన, పేరుకు ముందు ఏ అక్షరమూ చేరకుండానే మేడమ్ గారు సెలవు తీసుకుంటున్నారు. అంతా మన మంచికే జరిగిందని రాయడానికి ఈ వ్యాసకర్తకు చెయ్యాడటం లేదు. వారికి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు కొలిచి, పైన నాలుగేళ్లు కొసరు వేయమని దేవుణ్ణి వేడుకుంటున్నాం, ఆయన ఏ శాఖకు చెందినవాడైనా సరే.

చివరగా ఒక విన్నపం. పద్నాలుగు పిల్లులూ నిజం. లేఖ చదివి మేడమ్ గారు నవ్వారన్నదే కల్పితం. ఆ మాట అన్నారు గాని, నవ్వలేదు.