వచ్చిన పని: రొట్టె తినుడు

1997 జూన్. పటాన్‌చెరు దాటాక ఒక మందుల కంపెనీ వెనక గేటు, పొద్దున ఏడు గంటలు. గేటు కావలి వెంకటేశం, చేతిలో మూటతో అతని మేనత్త రాజవ్వ.

"రాయి."

"అవసరం లేదత్తా. గేటు తీసే ఉన్నది, పో."

"రాయి, పోత."

"రాయకుండనే పొమ్మంటున్న గద. నీకింకా మంచిదే."

"మూడేండ్ల సంది దినాం నిలవెట్టి రాస్తివి. పేరు రాస్తివి, ఊరు రాస్తివి, ఏలుముద్ర ఏపిస్తివి. ఒకనాడు జెరమొచ్చి వణుక్కుంట వస్తె గూడ ‘రూలు రూలే అత్తా’ అంటివి. ఇయ్యాల ఏమైంది నీ రూలు, సచ్చిందా?"

"మారింది."

"ఎప్పుడు?"

"నిన్న."

"ఎవలు మార్చిన్రు?"

"మేనేజర్ సాబు. ‘ముసలామెను దినాం ఆపుడెందుకు, పాపం, పోనియ్యి, ఆమె పేరు రాయకు’ అన్నడు."

"పాపం అన్నడా?"

"అన్నడు."

"వాని నోట్లె కెల్లి ఆ మాట ఎన్నడన్న ఇన్నవారా నువ్వు?"

"ఎండెక్కుతది అత్తా. పో, నీ రొట్టె తినిరా."

"పోను. ఈడనే కూసుంట."

"గేటుకడ్డం కూసుంటె లారీలెట్ల వస్తయి?"

"నువ్వు రాసినంక వస్తయి."

"పెన్ను రాస్తలేదు."

"జేబుల ఇంకోటి కనవడుతున్నది."

"అది ఎర్రది."

"ఎర్రదాంతోనే రాయి."

"అత్తా, ఒక్క రొట్టె కోసం గింత లొల్లా? ఇంట్ల తింటె దిగదా?"

"ఇంట్ల తింటె కడుపు నిండుతది. గేటు లోపట మన పాతూరి పాటిగడ్డ మీద కూసోని తింటె పానం నిమ్మలమైతది. నీకెర్కలేదా? మేకలు కాసిన దినాలల్ల నువ్వు తినలే? ఆ బండ మీది రోట్లె పచ్చిమిరపకాయ, ఎల్లిగడ్డ, ఉప్పుగల్లు ఏసి నేను నూరితె ఏళ్లు నాకిందెవడు?"

"అప్పుడు చిన్నోన్ని."

"ఇప్పుడు మీసమొచ్చి నాలికె పోయిందా? ఇగో, నిన్న ఆడ నూరిన తొక్కు. నోరు తెరువు."

"డ్యూటీల తినొద్దు."

"తెరువు."

"ఊఁ... అబ్బ! అబ్బబ్బ! నీళ్లు, నీళ్లియ్యి!"

"తాగకు, రుచి పోతది. ఎట్లున్నది?"

"చెవులల్ల కెల్లి పొగలొస్తున్నయి. ఇంకో తునక పెట్టు."

"ఇంట్ల మిక్సీల పడితె వస్తదా గిట్ల? ఆ రోలు గుణం రా అది. ఎన్ని తరాల ఆడోళ్లు నూరి నూరి గంత నున్నగైందో."

"ఎర్కే. వందసార్లు చెప్పినవ్."

"నూటొకటోసారి ఇను. ఊరు మొదలు ఆడనే ఉండె. గత్తరొచ్చి దినాం పీనుగు లేస్తుంటె, మిగిలినోళ్లు తట్టాబుట్ట సదురుకోని ఈడికొచ్చిన్రు. మా తాత ఒక్కడు రానన్నడు. ‘సస్తె ఈడనే సస్త’ అన్నడు. ఆడనే బతికిండు, ముసలోడై ఆడనే పోయిండు. ఇదంత రాసిన పుస్తకం యాడ లేదు. నేను పోయి ఆ రోట్లె నూరితేనే ఆ ఊరున్నట్టు."

"గందుకే గద ‘ఎవరిని కలవాలె’ అన్న గడిల దినాం ‘తాతను’ అని రాయిస్తవ్. ఆఫీసుల ఎంత పరేషాన్ అయిన్రో ఎర్కనా? మొన్న మేనేజర్ సాబు నన్ను పిలిచి ‘ఈ తాత ఎవడు, ఏ డిపార్టుమెంట్?’ అన్నడు. మూడు షిఫ్టుల హాజరుపట్టీలు ఎతికిచ్చిండట."

"దొరికిండా?"

"యాడ దొరుకుతడు?"

"మంచిగ ఎతకలే వాడు. సరే, ఒకటి చెప్పు. మూడేండ్ల సంది గేటు రిజిస్టర్ మొకం చూడనోడు, మొన్న ఎందుకు చూసిండు?"

"ఊకనే."

"ఊకనే చూసేటోడా వాడు?"

"లారీ వస్తుంది అత్తా, జెర పక్కకు జరుగు."

"ఏ లారీ లేదు. నా దిక్కు చూసి మాట్లాడు. వెంకటేశం!"

"సోమారం సర్వే ఉన్నది."

"ఏం సర్వే?"

"మండలాఫీసు నుంచి సర్వేయరు వస్తుండు. పాత నక్షల ఈ గేటు కాడికెల్లి పాటిగడ్డ దాక బండ్లబాట ఉన్నది. కంపెనోళ్లు అర్జీ పెట్టిన్రు. ఆ బాటల మనిషన్నోడు నడువక పదేండ్లయింది, దాన్ని మాకియ్యిన్రి అని."

"ఇస్తె?"

"గడ్డంత చదును చేసి మురికినీళ్ల ట్యాంకి కడ్తరు."

"రోలు?"

"బండ పేలుస్తరు."

"నడుస్తలేరా? మరి దినాం పోయి వచ్చే నేనేంది, దయ్యాన్నా?"

"రాయకుంటె దయ్యానివే."

"ఓ... గట్లనా. గందుకా పాపం అన్నది. చూడు కొడుకా, పొలం తీసుకుంటమని గవుర్నమెంటోళ్లు వచ్చిననాడు నిశానీ పెట్టినం. పొలమిచ్చినం, తొవ్వ ఇయ్యలే. ఇయ్యం గూడ. నా పాత రిజిస్టర్లు ఏడున్నయి?"

"అవి గూడ అడిగిండు."

"ఇచ్చినవా?"

"పర్మనెంట్ చేస్తనన్నడత్తా. ఎనిమిదేండ్ల సంది టెంపరరీల మగ్గుతున్న. పర్మనెంట్ అంటె ఇగ ఎన్నడు తీసెయ్యరు."

"ఎన్నడు తీసెయ్యంది ఆ రోలు ఒక్కటే రా. ఇచ్చినవా, లేదా?"

"మూడు రిజిస్టర్లు ఇచ్చిన."

"ఇచ్చినవా! నా తమ్ముని కడుపున పుట్టి, నా చేతి తొక్కు తిని, ఎట్ల దిగిందిరా నీ గొంతుల? మీ నాయిన ఉంటె ఈ గేటుకే నిన్ను కట్టేస్తుండె. నా కండ్లల్ల నీళ్లు తెప్పిచ్చినవ్ గదరా, ఈ వయసుల!"

"మెల్లగ అత్తా, మెల్లగ! ఇచ్చిన, గని అవి నీవి కావు. లారీలయి."

"ఏంది?"

"అట్టలు అన్ని ఒక్కతీరే ఉంటయి. ఆయనకు తెలుగు చదువ రాదు. చదివి చెప్పే గుమాస్త ఆనాడు లీవుల ఉండె. నా ముంగటనే పెట్రోలు పోసి కాలవెట్టిండు. చేతులు దులుపుకోని చాయ్ గూడ తాగిచ్చిండు నాకు."

"మరి నాయి?"

"మొన్న నీ ఇంటికి మూటొకటి తెచ్చి, ‘ఇత్తనాలు, ఇప్పకు, గాలి తగిలితె పాడైతయి’ అన్న గద?"

"జొన్న గుమ్మిల పెట్టిన."

"మూడేండ్ల ఏలుముద్రలు అండ్లనే ఉన్నయి. పేజీ పేజీకి కంపెనీ ముద్ర. సోమారం సర్వేయరు ముంగటనే ఇప్పు."

"ఓరి దొంగోడా! ముందుగాల చెప్పొద్దా? తిట్లన్ని తిట్టిచ్చుకుంటివి!"

"నీ నోట్లె నువ్వుగింజ నానదు. చెప్తె పొద్దుమూకెవరకు ఊరంత తెలుస్తుండె. గందుకే ఇయ్యాల రాయకుండ పో అంటున్న. ఈ కొత్త రిజిస్టర్ దినాం సాయంత్రం ఆయన టేబుల్ మీదికి పోతది. నీ పేరు కనవడితె పర్మనెంట్ గాదు, టెంపరరీ గూడ పోతది."

"ఇయ్యాల రాయకుంటె, ‘ముసల్ది నడుసుడు మానుకున్నది’ అని సోమారం నాడు అంటడా, అనడా?"

"అంటడు."

"ఇగ నీ ఇష్టం. నేను బలవంతం చెయ్య. నౌకరి పోతె గుమ్మిల జొన్నలున్నయి, బండ మీద రోలున్నది, నా చేతులున్నయి. గంతే చెప్పగలుగుత."

"ఊకె కడుపు గురించేనా నీకు? నా బిడ్డ దినాం సతాయిస్తుంది. మొన్నటి వానకు నువ్వు ఏరుకొచ్చిన ఎర్ర పూస మెడల ఏసుకోని తిరుగుతుంది గద. ‘నాయినా, పూసలు మొలిచే గడ్డకు ఎప్పుడు తీస్కపోతవ్’ అని. ఏం చెప్పాలె దానికి, ట్యాంకి చూపియ్యాల్నా?"

"చెప్పు, నువ్వే చెప్పు."

"ఇంకో బుక్కెడు పెట్టు ముందుగాల."

"పెన్నో?"

"ఎర్రది రాస్తది. జరుగు, నీడ పడుతుంది. పేరు, రాజవ్వ. ఊరు, ఇదే. వచ్చిన పని?"

"రొట్టె తినుడు."

"ఎవరిని కలవాలె?"

"ఎప్పటి లెక్కనే. తాతను."

"నీ లొల్లికి కొత్త గడి గూడ గీసిన్రు అత్తా. ఇప్పటిసంది డిపార్టుమెంట్ గూడ రాయాలెనట. చెప్పు, తాతది ఏ డిపార్టుమెంట్?"

"ఓనరు అని రాయి."