బాబాయి రబ్బరుముక్క

బాబాయి నోరు తెరిస్తే టీకొట్టులో ఎవరూ లేచి వెళ్లరు. ఆయన కంప్యూటర్ల రిపేరు షాపు పక్క సందులోనే ఉంది, కోతల షాపు మాత్రం ఈ బల్ల మీదే. ఇవాళ ఎదురుగా ఆయన అన్న, అన్న కూతురు కూర్చున్నారు. ఆ పిల్లకి హార్డ్‌వేర్ అంటే ప్రాణం. రెండేళ్ల డిప్లొమాలో సీటొచ్చింది, రేపటికల్లా చేరాలి. "బాబాయి అక్కర్లేదంటే మానేసి, షాపులోనే పని నేర్చుకో" అని తండ్రి తేల్చేశాడు.

"చదువెందుకన్నయ్యా?" బాబాయి అందుకున్నాడు. "ఓసారి పెద్ద ఆఫీసులో కంప్యూటర్ మొరాయించిందని నన్ను పిలిచారు. మూత విప్పాను, ర్యామ్ ముక్క బయటికి లాగాను, జేబులోంచి పెన్సిల్ రబ్బరు తీసి దాని అంచు తుడిచి మళ్లీ గుచ్చాను. అంతే, లేచి కూర్చుంది!"

"ఇంతవరకూ నిజమే అయ్యుంటుంది," అన్నాడు టీకొట్టాయన.

"ఆగవయ్యా, ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాన్ని చూసి పక్క గదిలో మూలపడ్డవన్నీ లేచాయి! నేను ముట్టుకుంటే ఒట్టు, రబ్బరు అలా చూపించానంతే. ఇంతలో లిఫ్టు ఆగిపోయిందన్నారు. దాన్నీ తుడిచాను. ఆ ఊపుకి అది డాబా పగలగొట్టుకుని పైకి పోతుంటే, నేనే కాలు పట్టుకుని కిందికి లాగాను."

"లిఫ్టుకి కాలేంటయ్యా?" పక్క బల్ల మీది దర్జీ పకపకా నవ్వాడు.

"అక్కడున్నది నువ్వా, నేనా? సరే, డాబా మీదే ఉన్నాను కదా అని తలెత్తితే, ఆకాశంలో ఓ ఉపగ్రహం పక్కకి ఒరిగిపోయి ఉంది. పాపం, దానికీ అదే జబ్బు! రబ్బరు విసిరాను. అది పట్టుకుంది, తుడుచుకుంది, తిన్నగా నిలబడింది, బుద్ధిగా రబ్బరు మళ్లీ నా జేబులో పడేసింది. ఇదిగో, కావాలంటే చూసుకోండి!"

అరిగిపోయిన రబ్బరుముక్క బల్ల మీదికొచ్చింది. అందరూ గొల్లుమన్నారు. తండ్రి కూడా కళ్లు తుడుచుకుంటూ, "కోతలు తీసేసినా పనిమంతుడేగా! ఏం చదివాడని?" అన్నాడు.

పిల్ల ఇక ఉండబట్టలేకపోయింది. "బాబాయ్, మా ఇంటి కంప్యూటర్‌ని నెల్లాళ్లుగా ఈ రబ్బరుతోనే తుడుస్తున్నావు కదా. అదెందుకు లేవలేదు?"

"అది... దానికి కాస్త మొండితనం."

"నిన్న నేనే విప్పి చూశాను. బోర్డు మీద ఒక కెపాసిటర్ ఉబ్బిపోయింది. దాన్ని తీసి కొత్తది అతకాలి. నీకొచ్చా?"

బాబాయి రబ్బరుని అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఇంకొక్క కోత కోశాడంటే పిల్ల చదువు అక్కడితో సరి.

"రాదమ్మా," అన్నాడు బాబాయి మెల్లగా. "నా విద్య రబ్బరు దాకానే. బోర్డు పని డిప్లొమాలో నేర్పుతారు. అన్నయ్యా, రేపు పొద్దున్నే తీసుకెళ్లి చేర్పించు."

తండ్రి తమ్ముడి మొహం చూసి, సరేనని తలూపాడు. పిల్లకి బాబాయి మీద ఇంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

"మరి ఉపగ్రహం సంగతేంటయ్యా?" టీకొట్టాయన వదల్లేదు.

"దానికేం?" బాబాయి రబ్బరు జేబులో వేసుకున్నాడు. "ఈసారి ఒరిగితే మా అమ్మాయి వెళ్లి బోర్డు బాగుచేసొస్తుంది. నేను కింద నిచ్చెన పట్టుకుంటా."